రాశి అంటే ఎంత?

మా నాన్న కేంద్ర సాయుధ బలగంలో పనిచేస్తారు. అందువల్ల మా సొంతూరు విజయనగరమే అయినా, వేసవి సెలవుల్లో తప్ప మేము అక్కడ ఉన్నది తక్కువ. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా అట్టపెట్టెలు కట్టడం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవడం, స్కూల్లో టి.సి. తీసుకోవడం మాకు అలవాటైన పనులు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికీ అవి అలవాటే. అయితే అట్టపెట్టెల్లో సర్ది తెచ్చుకోలేనివి కూడా కొన్ని ఉంటాయని మాకు బస్తర్ వచ్చాకే తెలిసింది. మా అమ్మకి బ్యాంకులో ఉండే ధైర్యం వాటిలో ఒకటి.

మేమిద్దరం అక్కాతమ్ముళ్లం. ఒకరు తొమ్మిదో తరగతి, ఒకరు ఏడు. ఇద్దరం కలిసి రాస్తున్నాం కాబట్టి ఇందులో తెలివైన పని ఎవరు చేశారు, తెలివితక్కువ పని ఎవరు చేశారు అని మాత్రం అడగకండి. రెండింట్లోనూ ఇద్దరికీ సమానంగా వాటా ఉంది.

అమ్మ తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. మేము ఇంతకుముందు ఉన్నవన్నీ తెలుగు ఊళ్లే. అక్కడ బ్యాంకు ఫారాల మీద ఇంగ్లీషు, హిందీతోపాటు తెలుగు కూడా ఉండేది. నాన్న నెలల తరబడి ఇంట్లో లేకపోయినా డబ్బు తీయడం, వేయడం, పాస్‌బుక్కు ప్రింటు వేయించడం, లాకరు చూసుకోవడం అన్నీ అమ్మే చేసేది. కౌంటరు దగ్గర పక్కన నిలబడ్డ ముసలివాళ్లకి ఫారాలు నింపి పెట్టేది కూడా.

జగదల్‌పూర్ వచ్చిన మొదటి నెలలో అమ్మ బ్యాంకుకి వెళ్లింది. ఫారం తీసి చూసింది. అంతా హిందీ, ఇంగ్లీషు. అమ్మకి హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. మొదటి గడి 'నామ్'. "మొదట్లోనే నామం పెట్టేశారే!" అంది మాతో. తరువాత 'శాఖా'. అది శాఖ, అంటే బ్రాంచి అని పోల్చుకుంది. 'ఖాతా' మన ఖాతాయే. ఆ తరువాత 'రాశి' అని ఉంది. అమ్మ కాసేపు ఆలోచించి, "నాది వృషభ రాశి. మరి ఇది జాయింటు ఖాతా కదా, మీ నాన్న రాశి కూడా రాయాలా?" అని అడిగింది.

మేము పగలబడి నవ్వాం. హిందీలో రాశి అంటే సొమ్ము మొత్తం అని చెప్పాం. అమ్మ కూడా నవ్వింది. కానీ ఆ రోజు ఫారం మేమే నింపాం. ఆ తరువాత ప్రతిసారీ మేమే నింపాం. మెల్లగా బ్యాంకు, పోస్టాఫీసు, గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, ఫోను రీచార్జి అన్నీ మా చేతికి వచ్చేశాయి. మాకు గొప్పగా ఉండేది. అమ్మకి ఎలా ఉందో మేము అడగలేదు.

ఆదివారం సంతలో మాత్రం అమ్మే రాణి. బస్తర్ సంత గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలనుంచి ఆడవాళ్లు ఇప్పపువ్వు, చింతపండు, ఆకుకూరలు, దుంపలు తెచ్చి నేలమీద కుప్పలు పోసి కూర్చుంటారు. గింజల్ని 'సోలీ'తో కొలుస్తారు. మొదటిసారి ఆ మాట వినగానే, "ఇది మన సోలే కదే!" అని అమ్మ మొహం వెలిగిపోయింది. వరంగల్ కాకతీయుల వంశంవాడైన అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ చరిత్ర చెబుతుంది. మరి ఈ సోల ఎవరి వెంట వచ్చిందో, ఎటునుంచి ఎటు పోయిందో మాకు తెలియదు గానీ, ఆ ఒక్క మాటతో అమ్మ ఆ సంతకి సొంత మనిషి అయిపోయింది.

అక్కడే ఇంకొక సంగతి కూడా విన్నాం. పూర్వం బయటి వర్తకులు ఉప్పు మోసుకొచ్చి, అడవిలో దొరికే సారపప్పుని బరువుకి బరువు మార్చుకుపోయేవారట. సారపప్పుని ఇక్కడ చిరోంజీ అంటారు. కిలో ఉప్పుకి కిలో సారపప్పు! అమ్మ నోరు తెరిచింది. "పాపం, బయట దాని ధరెంతో వీళ్లకి చెప్పేవాళ్లు లేరు" అంది. ఆ మాట మాకు తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాం.

పోయిన ఫిబ్రవరిలో విజయనగరంలో మా నాన్నమ్మకి కంట్లో శుక్లం ఆపరేషను మంగళవారం అనుకున్నారు. లెన్సుకీ, మందులకీ కలిపి పది వేలు పంపమని తాతయ్య ఫోను చేశారు. తాతయ్యది మీటలు నొక్కే పాత ఫోను. ఆయనకి ఫోనులో డబ్బు పంపడం కుదరదు. మాకూ కుదరదు. ఎందుకంటే మా ఖాతాకి ముడిపెట్టిన నంబరు నాన్నది. నాన్న ఆ వారం అడవిలో డ్యూటీకి వెళ్లారు. ఫోను కలవదు. ఓ.టి.పి. వస్తే ఆ ఫోనుకే వస్తుంది. బదిలీ ఉద్యోగుల ఇళ్లలో ఇది మామూలే అనుకుంటాం. డబ్బు ఒకచోట, దాని తాళంచెవి ఇంకొకచోట ఉంటుంది.

అమ్మ దగ్గర తన ఏటీఎం కార్డు ఉంది. మా క్వార్టర్లలో ఉండే ఒక తెలుగు ఆంటీ ఆదివారం రైలుకి విశాఖపట్నం వెళ్తున్నారు. కిరండూల్‌నుంచి కొత్తవలస మీదుగా వెళ్లే ఆ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది. మాలాంటివాళ్లకి మాత్రం అది పుట్టింటి దారి. ఆవకాయ జాడీలు ఆ రైల్లోనే వస్తాయి, డబ్బు కవర్లు ఆ రైల్లోనే వెళ్తాయి. కాబట్టి పది వేలు తీసి ఆంటీ చేతికి ఇచ్చేద్దాం అనుకున్నాం.

ఆ రోజు రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. సాయంత్రం ముగ్గురం ఏటీఎంకి వెళ్లాం. అమ్మ కార్డు పెట్టింది, పిన్ను కొట్టింది, పది వేలు అని నొక్కింది. లోపల మర గరగరమని శబ్దం చేసింది. డబ్బు రాలేదు. ఒక చీటీ మాత్రం వచ్చింది. మేము ఆ చీటీ పారేయబోతే అమ్మ లాక్కుని పర్సులో పెట్టుకుంది. మళ్లీ కార్డు పెట్టి నిల్వ చూస్తే పది వేలు తగ్గిపోయి ఉంది.

ఇంటికి వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు. ఆ నెలలో మిగిలినదంతా కలిపినా ఇంకో పది వేలు లేదు.

ఇక్కడే మేము తెలివి చూపించబోయాం. కార్డు వెనక ఉన్న నంబరుకి చేస్తే రిజిస్టరు చేసిన ఫోనునుంచి చేయమంది. సరే అని అమ్మ ఫోనులో బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు అని వెతికాం. ఒక మొబైల్ నంబరు దొరికింది. చేయగానే ఎత్తారు. ఎంత మర్యాద! "బేటా, ఏమీ భయపడకండి, పది నిమిషాల్లో మీ డబ్బు తిరిగి వేయిస్తాను" అన్నాడు. ఒక యాప్ పేరు చెప్పి దించుకోమన్నాడు. దించుకుంటున్నాం. కార్డు మీది పదహారు అంకెలు అడిగాడు. మేము అమ్మ దగ్గర కార్డు తీసుకోబోయాం.

అమ్మకి ఆ హిందీ మాటల్లో సగం అర్థం కాలేదు. అయినా కార్డు ఇవ్వలేదు. "ఏమంటున్నాడు?" అంది. చెప్పాం. "తరువాత?" అంది. "పిన్ను కూడా కావాలంటున్నాడు, డబ్బు వెయ్యడానికి" అన్నాం.

"డబ్బు తీసేవాడికి తాళం కావాలి గానీ, వేసేవాడికెందుకురా? హుండీలో వెయ్యడానికి హుండీ తాళం అడుగుతారా?" అని ఫోను లాక్కుని కట్ చేసింది. ఆ యాప్ తీసేయమంది. అతను మళ్లీ నాలుగుసార్లు చేశాడు. చివరిసారి మర్యాద లేదు.

మాకు చేతులు చల్లబడ్డాయి. ఆ యాప్ మన ఫోను తెరను అవతలివాడికి చూపించే రకమని తరువాత తెలిసింది. హిందీ వచ్చినందుకు మేము గర్వపడుతున్నాం. ఆ హిందీతోనే మిగిలిన డబ్బు కూడా వాడి చేతిలో పెట్టేవాళ్లం. భాష రాని అమ్మ ఆపింది. ఇది రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది. కానీ ఇది రాయకపోతే ఈ వ్యాసం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఆ రాత్రి అమ్మ పక్క క్వార్టరు ఒడియా ఆంటీకి సంగతి చెప్పింది. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి మూడు వేలు తెచ్చింది. బిహార్ ఆంటీ రెండు వేలు, కింద ఇంటి మలయాళం ఆంటీ రెండు వేలు తెచ్చారు. రైలెక్కబోయే తెలుగు ఆంటీ, "మిగిలిన మూడు వేలు నేను అక్కడ ఇచ్చేస్తాను, నువ్వు నెమ్మదిగా ఇద్దువు" అంది. కాగితం లేదు, సంతకం లేదు. అరగంటలో పది వేలు అయ్యాయి. నాన్నమ్మ ఆపరేషను మంగళవారం అనుకున్నట్టే అయింది.

సోమవారం మేము స్కూలుకి సగం రోజు సెలవు పెట్టి అమ్మతో బ్యాంకుకి వెళ్లాం. కౌంటరులో ఉన్నాయన చీటీ చూసి, "ఈ ఏటీఎం మాది కాదు, ఆ బ్యాంకుకే వెళ్లండి" అన్నారు. అక్కడికి వెళ్తే, "కార్డు మాది కాదు, మీ బ్యాంకుకే వెళ్లండి" అన్నారు. మళ్లీ మా బ్యాంకుకి వచ్చాం. "మీ ఖాతా ఆంధ్రాలో ఉంది కదా, అక్కడ ఇవ్వండి ఫిర్యాదు" అన్నారు. సరుకు ఒకరిది, తూకం ఒకరిది, నష్టం మాత్రం మాది అన్నట్టు ఉంది.

లైను పెద్దది. కూర్చోమన్నారు. బల్లమీద అమ్మ పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. గుడ్డసంచిలో చింతపండు. తెల్లారగట్ల బస్సెక్కి వచ్చిందట. ఛత్తీస్‌గఢ్‌లో 2024 మార్చినుంచి 'మహతారీ వందన్' అని పెళ్లయిన ఆడవాళ్ల ఖాతాలో నెలకి వెయ్యి రూపాయలు వేస్తున్నారు. మహతారీ అంటే ఇక్కడి భాషలో అమ్మ. ఆ డబ్బు తీసుకుందామని ఊళ్లో వేలిముద్ర మిషను దగ్గరికి రెండుసార్లు వెళ్లిందట. మిషను ఆమె వేలు గుర్తుపట్టలేదట. ఆమె చేతులు చూశాం. ఏళ్ల తరబడి చింతకాయలు కొట్టి, ఆకులు కట్టి, మట్టిపని చేసి వేళ్లమీద గీతలు అరిగిపోయాయి. పని చేసినందుకే ఆ పని చేసిన వేలు చెల్లకుండా పోయింది.

ఆమెకి హల్బీ తప్ప హిందీ అంతంతమాత్రం. అమ్మకి తెలుగు తప్ప హిందీ అంతంతమాత్రం. అయినా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఏ భాషలో అని అడగకండి. మధ్యలో కాపలా ఆయన హల్బీనుంచి హిందీకి, మేము హిందీనుంచి తెలుగుకి చెబుతూ వచ్చాం. అమ్మ చివరికి ఒకటే అడిగింది: "పాస్‌బుక్కు తెచ్చుకుందా?" తెచ్చుకుంది. కొంగులో ముడివేసి ఉంది.

"మిషను గుర్తుపట్టకపోతే ఏం, కాగితం గుర్తుపడుతుంది. డబ్బు తీసే ఫారం ఒకటి తెండి" అంది అమ్మ. విజయనగరంలో ముసలివాళ్లకి అమ్మ అదే చేసేది. ఖాతాదారు స్వయంగా పాస్‌బుక్కుతో వస్తే, ఫారంమీద వేలిముద్ర వేయించి, సాక్షి సంతకంతో డబ్బు ఇచ్చే పద్ధతి ఉంది. ఫారం తెచ్చి మేము నింపబోతే అమ్మ పెన్ను తీసుకుంది. 'నామ్' దగ్గర పాస్‌బుక్కు చూసి ఒక్కొక్క హిందీ అక్షరం దించింది. ఖాతా నంబరు రాసింది. 'రాశి' దగ్గర ఆగి మావైపు చూసి నవ్వింది. రెండు వేలు అని అంకెల్లో రాసి, అక్షరాల్లో 'దో హజార్' ఎలా రాయాలో అడిగింది.

ముసలామె సిరాలో బొటనవేలు అద్ది ముద్ర వేసింది. అధికారి ఆమెను, ఫోటోను చూసి సంతకం పెట్టారు. డబ్బు ఇచ్చారు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగులో ముడివేసుకుంది. వెళ్తూ వెళ్తూ మా అమ్మ ఒళ్లో దోసెడు చింతపండు పోసి, "జోహార్" అని వెళ్లిపోయింది.

ఆ తరువాత అమ్మ లైనులో నిలబడలేదు. తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "నాతో రండి, నేను చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పండి, మీ సొంతం ఒక్క ముక్క కలపకండి" అంది. మేము అలాగే చేశాం. "కార్డు మీ బ్యాంకుది. ఏ బ్యాంకు ఏటీఎం అయినా ఫిర్యాదు కార్డు ఇచ్చిన బ్యాంకే తీసుకోవాలట. ఇదిగో చీటీ. కాగితం రాసి ఇస్తాం. మాకు ఫిర్యాదు నంబరు కావాలి. నంబరు ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం."

ఈ 'అట' వెనక ఒడియా అంకుల్ ఉన్నారు. ఆయన ఆఫీసులో లెక్కలు చూస్తారు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ఆదివారం రాత్రే మాకు చూపించారు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, ఆ రోజునుంచి అయిదు రోజుల్లో బ్యాంకు తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున ఖాతాదారుకి ఇవ్వాలి. ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలి.

మేనేజరు గారు చీటీ తీసుకుని చూశారు. దానిమీద ఏటీఎం నంబరు, తేదీ, సమయం, లావాదేవీ నంబరు అన్నీ ఉన్నాయి. కంప్యూటరులో కొట్టి ఫిర్యాదు నంబరు రాసి ఇచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ గదిదాకా వెళ్లనివ్వని మాటలే మమ్మల్ని తిప్పాయి.

పది వేలు మరుసటి సోమవారం జమ అయ్యాయి. శనివారంనుంచి లెక్కపెడితే తొమ్మిదో రోజు. గడువు గురువారంతో ముగిసింది. శుక్ర, శని, ఆది, సోమ, నాలుగు రోజులు ఆలస్యం. నాలుగు వందలు రావాలి. రాలేదు. "పోనీలే అమ్మా, అసలు వచ్చింది కదా" అన్నాం. అమ్మ ఒప్పుకోలేదు. "ఉప్పుకి సారపప్పు ఇచ్చినవాళ్లు కూడా పోనీలే అనుకునే ఉంటారు" అంది. మళ్లీ ఒక కాగితం రాసింది. ఈసారి హిందీలో తానే రాసి, మాచేత తప్పులు మాత్రం దిద్దించింది. మూడు తప్పులు వచ్చాయి. రెండు వారాలకి నాలుగు వందలు జమ అయ్యాయి.

ఆ నాలుగు వందలతో అమ్మ రవ్వ, పంచదార, నెయ్యి కొని, అప్పిచ్చిన నాలుగు ఇళ్లకీ డబ్బుతోపాటు తలా ఒక డబ్బా రవ్వలడ్లు పంపింది. లడ్లలో సారపప్పు కూడా వేసింది. సంతలో బేరమాడకుండా కొంది.

నాన్న సెలవుమీద వచ్చాక చేసిన మొదటి పని బ్యాంకుకి వెళ్లి అమ్మ నంబరు కూడా ఖాతాకి చేర్పించడం. జరిగిందంతా విని నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నేను అడవిలో ఉంటే మీరు ఊళ్లో క్షేమంగా ఉన్నారనుకున్నాను" అన్నారు.

మనలాంటి ఇళ్లవాళ్లు గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం. ఇంట్లో ఉండే పెద్దవాళ్ల ఫోను నంబరు ఖాతాకి చేర్పించండి. ఏటీఎం చీటీ పారేయకండి. బ్యాంకు నంబరు కార్డు వెనకో, పాస్‌బుక్కులోనో చూడండి గానీ ఇంటర్నెట్‌లో వెతికి దొరికినదాన్ని నమ్మకండి. డబ్బు మనకి రావడానికి పిన్ను ఎప్పుడూ అవసరం లేదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పకపోయినా, సరిగా చెప్పకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. దానికి రుసుము లేదు. వివరాలకి 14448.

ఇప్పుడు బ్యాంకు ఫారాలు మేము నింపడం లేదు. అమ్మే నింపుతుంది. బ్యాంకులో ఆలస్యమైందని వచ్చిన రోజుల్లో ఇంకెవరివో కూడా నింపి వచ్చిందని మాకు తెలుస్తుంది, వేళ్లకి అంటిన సిరా చూసి.

నాన్నకి మళ్లీ బదిలీ అంటున్నారు. ఈసారి అస్సాం కావచ్చట. అట్టపెట్టెలు అటకమీదనుంచి దించాం. అమ్మ నిన్న అన్నం వడ్డిస్తూ అడిగింది: "అక్కడ రాశిని ఏమంటారో, ముందే కనుక్కుని ఉంచండి."